మస్తానక్క కొసరు కబురు

నిన్న పొద్దున ఫోన్ మోగింది. స్క్రీన్ మీద "మస్తానక్క" అని పేరు.

కాఫీ గ్లాసు పక్కన పెట్టి, నవ్వుకుంటూనే ఎత్తాను. ఆ నంబర్ నుంచి ఇన్నేళ్లలో ఒక్క చెడ్డ కబురు రాలేదు మరి.

అక్క కాదు. అక్క మనవడు.

"జేజి పోయింది అమ్మమ్మా" అన్నాడు.

వాడు నాయనమ్మను జేజి అంటాడు. నాకు ఒక్క క్షణం ఎవరి గురించి చెబుతున్నాడో అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏడ్చేశాను. వాడు ఇంకో మాట కూడా చెప్పాడు. అది చివర్లో రాస్తాను, ఎందుకంటే అక్క పద్ధతి అదే.

మీలో చాలామందికి మస్తానక్క తెలియదు. అరవైల మొదట్లో విడవలూరు చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి గాజులు అమ్మేది. కొత్తగా పెళ్లయిన పిల్ల. భుజాన గాజుల మలారం, నోట్లో వక్కాకు.

గాజులు తొడిగాక కొసరుగా ఒక గాజు ఎక్కువ వేయడం అందరూ చేసేదే. అక్క దాంతోపాటు కొసరుగా ఒక మంచి కబురు చెప్పేది.

పట్టపుపాలెంలో వలల నిండా చేపలు పడ్డాయి. ఫలానా వాళ్ల చూడి గేదె బతికి బట్టకట్టి దూడనేసింది. పరీక్ష తప్పిన పిల్లాడు ఈసారి గట్టెక్కాడు.

ఇంతే. ఇంత చిన్నవే. కానీ కళ్లతో చూసిందో, చూసినవాళ్ల నోట విన్నదో అయితేనే చెప్పేది.

"చెడ్డ కబురు మోసేదానికి ఊరంతా ఉండారు. నాకెందుకు ఆ బరువు, గాజులు చాలవా?" అనేది.

నాకప్పుడు పదేళ్లుంటాయేమో. మా నాయన ఎడ్లు కొనడానికి మనుబోలు పోయాడు. ఆయన అటు పోగానే ఇటు గాలివాన పట్టుకుంది. పెన్న పొంగింది, పడవలు ఆపేశారు. ఆయన ఏటికి అవతల, మేం ఇవతల. ఎలా ఉన్నాడో తెలిసే దారి లేదు.

ఆ గాలిలో దూడను లోపలికి లాగుతుంటే తలుపు రెక్క వచ్చి కొట్టి అమ్మ రెండు చేతుల గాజులూ చిట్లిపోయాయి.

మనిషి ఊరెళ్లినప్పుడు ఇంటి ఇల్లాలి గాజులు చిట్లితే ఇంకేముంది? మా నాయనమ్మ అక్కడే కూలబడి రాగం అందుకుంది. దానికి తోడు, పెన్నలో ఎవరో బండితో సహా కొట్టుకుపోయారని ఒకాయన చెప్పిపోయాడు. పుణ్యాత్ముడు, మజ్జిగ తాగి మరీ వెళ్లాడు.

ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. చావు జరిగిన ఇంట్లో కూర్చున్నట్టే కూర్చున్నారు. మధ్యలో అమ్మ, బోసి చేతులు ఒళ్లో పెట్టుకుని.

వాన తెరిపిచ్చాక మస్తానక్క వచ్చింది. అందరూ ఆమె మొహం వంకే చూశారు.

"అన్న కబురు నాకు తెలీదక్కా. తెలీంది చెప్పను" అంది అమ్మతో.

నాయనమ్మకు కోపం వచ్చింది. "ఏదో ఒకటి చెప్పరాదామే, దాని మనసు కుదటపడేదానికి?"

"ఈ పొద్దు అబద్ధం చెప్తే రేపు నిజం తెచ్చినా నమ్మదు గదా, అవ్వా."

అని అమ్మ ఎదురుగా కూర్చుని చెయ్యి పట్టుకుంది. అమ్మ వెనక్కి లాక్కుంది.

"ఆయన్ని రానీ. అప్పుడేసుకుంటా."

"బోసి చేతులతో ఎదురు చూస్తావా? ఇటియ్యక్కా."

ఆకుపచ్చ మట్టిగాజులు, ఒక్కొక్కటే తొడిగింది. కొసరు గాజు మాత్రం అమ్మకు వేయలేదు. తన చేతికే వేసుకుంది.

"ఇది నా కాడుంటాది. అన్న కబురుతో వచ్చి ఏస్తా."

ఆ రోజు ఇంక ఏ గడపా ఎక్కలేదు. మలారం మా ఇంట్లోనే పెట్టి ఏటి రేవుకు నడిచింది. పడవలు మళ్లీ కదిలేదాకా రోజూ అక్కడే కాపలా. కదిలాక, అవతలి నుంచి దిగిన ప్రతి మనిషినీ పట్టుకుని అడిగిందట.

ఒక మధ్యాహ్నం వీధి మొదట్లో కనిపించింది. "గాజులమ్మా" అనే కేక లేదు. చెయ్యి పైకెత్తి, వేళ్ల మధ్య ఆ ఒక్క గాజు పట్టుకుని వస్తోంది.

అమ్మ లేచి నిలబడింది.

"మనుబోలు సత్రంలో ఉండాడక్కా. చూసినాయన్నే అడిగినా. ఎడ్లకి గడ్డి తడిసిందిచ్చినారని సత్రం వాళ్లతో కొట్లాడతా ఉండాడంట. ఏట్లో పోయింది ఖాళీ బండంట."

"గడ్డి కోసం కొట్లాడతా ఉండాడా?" అంది అమ్మ. "అయితే ఆయనే."

అని ఏడుస్తూ నవ్వింది. అక్క ఆ గాజు అమ్మ చేతికి తొడిగింది. మా అమ్మ అలా నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

నాకు పెళ్లయి కావలి వచ్చేశాక కూడా అక్క నన్ను వదల్లేదు. ఈమధ్య మనవడు వాయిస్ మెసేజ్ నేర్పించాడు. "అమ్మే, ఒక మంచి మాట ఇను" అని మొదలు. ఎదురింటి పిల్లకు ఉద్యోగం వచ్చిందనో, కుండీలో మల్లె మొగ్గేసిందనో. పోయిన వారం కూడా వచ్చింది. అదింకా ఫోన్‌లో ఉంది. ఇవాళ వినే ధైర్యం లేదు.

ఇప్పుడు ఆ చివరి మాట.

నేను ఏడుస్తుంటే మనవడు ఫోన్ పెట్టేయలేదు. "అమ్మమ్మా, కొసరు కూడా ఉండాది" అన్నాడు.

వాడికి కూతురు పుట్టిందట. మొన్న సాయంత్రం ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చారట. అక్క మంచం మీద లేచి కూర్చుని, పాపకు నల్లగాజులు తన చేత్తోనే తొడిగిందట. తెల్లారేసరికి నిద్రలోనే పోయింది.

"నేను కళ్లతో చూసినా అమ్మమ్మా" అన్నాడు వాడు.

పోయిరా మస్తానక్కా. ఎంత నడిచావో, ఇక ఆ కాళ్లకు విశ్రాంతి దొరకాలి. నెమ్మదిగా నిద్రపో.

పాప కబురు అందరికీ నేను చెబుతాను.