ఏ నీళ్లలో?

మొన్న మంగళవారం పొద్దున్న భీమవరం దగ్గర నుంచి రాజుగారు ఫోన్ చేశారు. రొయ్యల చెరువుల రైతు ఆయన. ఫోన్లో కూడా కేకలేసి మాట్లాడే మనిషి ఆ రోజు గుసగుసలాడినట్టు మాట్లాడారు. "అమ్మాయ్, మేడమ్ గారు పోయారంటమ్మా. తెల్లారగట్ట, నిద్రలోనే" అన్నారు. "సరిగ్గా కనుక్కున్నారా అండి?" అని అడిగాను. ఏ మాటనైనా అలా నిలదీసి అడగడం నాకు నేర్పింది ఆవిడే.

నిడదవోలు స్టేషన్ వెనక వీధిలో, గూడ్సు బండి పోతే కిటికీ ఊచలు గడగడలాడే రెండు గదుల్లో ఉంది ఆవిడ కంపెనీ. కంపెనీ అంటే నలుగురం. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే ఉద్యోగం మానేసి, తొంభైల చివర్లో మొదలుపెట్టారు. చెరువులో నీటిమట్టం పడిపోతే మోగే పెట్టెలు చేస్తాం. రెండు తీగలు చెరువులోకి వేలాడుతుంటాయి. నీళ్లు వాటిని తాకుతున్నంతసేపూ పెట్టె నోరు మెదపదు. నీళ్లు దిగిపోతే అరుస్తుంది. డిప్లొమా చేతికి రాగానే నేను అందులో చేరాను.

ఒకసారి హైదరాబాదు నుంచి వచ్చిన ఒకాయన కాఫీ తాగుతూ, "మీ కంపెనీకి ఒక విజన్ ఉండాలండి, ఇంగ్లిష్‌లో రాయించి ఫ్రేము కట్టించండి" అని సలహా ఇచ్చారు. మేడమ్ గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "మా చూపు బాగానే ఉందండి, దగ్గరివే కాస్త మసకగా కనపడతాయి" అన్నారు. అలాగని ఆవిడకి నియమాలు లేకపోలేదు. నోటుబుక్కు కాగితం మీద రాసి, వెనక చేతులు కడుక్కునే చోట అంటించారు. "అది కొనేవాళ్లకి కాదమ్మా, మనకి" అనేవారు. తెలియకపోతే తెలియదని చెప్పాలి. పెట్టెకి సీలు వేయకూడదు, మరలే బిగించాలి. కొన్నవాళ్లు విప్పి చూసుకోవచ్చు. చేసినవాళ్లు మూత లోపల పేరు రాయాలి. సబ్బు నీళ్లు పడి అక్షరాలు అలుక్కుపోయినప్పుడల్లా నా చేత తిరిగి రాయించేవారు. నాకు మహా విసుగ్గా ఉండేది.

నేను చేరిన రెండో ఏడు, ఒక మధ్యాహ్నం రాజుగారు పెట్టెని చంకలో పెట్టుకుని వచ్చారు. గట్టుకి ఎండ్రకాయ బొరియ పడి నీళ్లన్నీ కారిపోయాయట. పెట్టె మోగలేదు. సగం రొయ్య చచ్చిపోయింది. మూత విప్పితే లోపల నా పేరే ఉంది. మేడమ్ గారు పక్క గదిలో ఉన్నారు. ఉద్యోగం పోతుందన్న భయంతో, "బ్యాటరీ దిగిపోయుంటుందండి, చార్జింగ్ పెట్టలేదేమో" అనేశాను. పాపం, ఆయన తల గోక్కుని, "అంతేనేమోనమ్మా, మా కాపలా మనిషి మర్చిపోయుంటాడు" అన్నారు. ఎంత తేలిగ్గా నమ్మేశారో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఈలోగా మేడమ్ గారు వచ్చి మీటరు పెట్టి చూశారు. బ్యాటరీ శుభ్రంగా ఉంది. తనిఖీ కాగితం తీశారు. పరీక్ష అయిందని అందులో నా చేతిరాత.

"పరీక్ష చేశావా అమ్మా?"

"చేశానండి."

"ఏ నీళ్లలో?"

నేను కుళాయి వైపు చూశాను. చెరువు నీళ్లు తెప్పించుకోవడానికి బద్ధకించి కుళాయి నీళ్లలో ముంచి తీశాను. మా కుళాయిలో వచ్చేది గోదావరి కాలవ నీళ్లు. రాజుగారిది ఉప్పునీటి చెరువు. నీళ్లు దిగిపోయినా తీగల మధ్య ఉప్పు పేరుకుని తడితడిగా ఉండిపోయింది. నీళ్లు ఇంకా ఉన్నాయనే అనుకుంది పెట్టె.

ఆవిడ నా వైపు చూడలేదు. "రాజుగారూ, తప్పు మాదండి. బ్యాటరీది కాదు, మీ మనిషిది అసలే కాదు" అన్నారు. ఈ అమ్మాయిది అనకుండా మాది అన్నారు. ఆయన వెళ్లాక కుళాయి దగ్గర నిలబడి ఏడ్చాను. నా వెనకే వచ్చి, "నిన్ను పంపించేస్తే ఈ తప్పు కూడా నీతోనే వెళ్లిపోతుందమ్మా. నాకది ఇక్కడే ఉండాలి" అన్నారు. అక్కడ అంటించిన నియమాల కాగితం చివర 'ఏ నీళ్లలో?' అన్న ప్రశ్న కూడా నా చేతే రాయించారు.

మర్నాటి నుంచి, పెట్టెలు బిగించిన ప్రతి చెరువుకీ ఇద్దరం బస్సుల్లో తిరిగాం. రెండు పక్కలా చెరువులు, వాటి నిండా ఆకాశం. బస్సు రోడ్డు మీద వెళ్తోందో మబ్బుల్లో వెళ్తోందో తెలిసేది కాదు. నీళ్లు పట్టిన సీసాలు ఆవిడ ఒళ్లో గలగలమనేవి. కునికిపాట్లు పడుతూనే, "చూడ్డానికి అన్నీ నీళ్లేనమ్మా, దగ్గరికెళ్తే ఒక్కోటీ ఒక్కో మనిషి" అన్నారు ఒకసారి.

ఆ సీసాలన్నీ కిటికీలో వరసగా పెట్టాం. ఒక్కో సీసాకీ చీటీ: ఊరు, చెరువు, కింద పరీక్ష చేసినవారి సంతకం. కాలం మారితే నీళ్లూ మారతాయి కాబట్టి రైతులే కొత్త నీళ్లు తెచ్చి ఇస్తుంటారు. మధ్యాహ్నం ఎండ సీసాల్లోంచి దిగి, ఆవిడ కుర్చీ వెనక గోడ మీద పచ్చగా, బూడిదగా, పలచని తేనె రంగుగా పరుచుకుంటుంది. రైలు పోతే సీసాలన్నీ వణుకుతాయి, గోడంతా చెరువైపోతుంది. చేతిలో పని వదిలేసి ఆవిడ అటే చూస్తూ ఉండిపోయేవారు.

ఆ ప్రశ్న పెట్టెలతో ఆగలేదు. నాకు పెళ్లి సంబంధం వచ్చి, అబ్బాయి చాలా మంచివాడని మా అమ్మ చెబితే, "ఏ నీళ్లలో చూశారండి?" అని అడిగారు మేడమ్ గారు. తణుకులో అతని ఆఫీసుకి వెళ్లి, అటెండరుతో ఎలా మాట్లాడతాడో చూసొచ్చి మరీ సరేనన్నారు. ఆ పరీక్ష గట్టెక్కానని మా ఆయన ఇప్పటికీ గొప్పలు పోతుంటాడు.

ఆవిడ పోయిన మూడో రోజు వర్క్‌షాపు తెరిచాను. ఎందుకు తెరిచానో తెలియదు. కాసేపటికి రాజుగారు తువ్వాల్లో చుట్టిన సీసాతో వచ్చారు. "కొత్త నీళ్లు తెమ్మని పోయిన వారమే అడిగారమ్మా. ఇవాళా రేపా అంటూ..." అని సీసా నా చేతికిచ్చారు.

ఆవిడ పెన్నుతోనే చీటీ రాశాను. ఊరు, చెరువు. సంతకం దగ్గర చెయ్యి ఆగింది. పరీక్ష ఇంకా కాలేదు.

నీళ్లు గాజు గిన్నెలో పోసి, బల్ల మీదున్న పెట్టె తీగలు ముంచి, కాసేపాగి పైకి తీశాను. పెట్టె గొల్లుమంది. ఖాళీ గదుల్లో అంత గట్టిగా మోగుతుందని నాకు తెలియదు. దాన్ని ఆపడానికి ఇద్దరికీ చేతులు రాలేదు.

"పనిచేస్తోందా అమ్మాయ్?" అన్నారు రాజుగారు, తువ్వాలుతో కళ్లొత్తుకుంటూ.

"చేస్తోందండి."

"ఏ నీళ్లలో?"

"మీ నీళ్లలోనేనండి" అని సంతకం పెట్టాను.

నీళ్లు మళ్లీ సీసాలో పోసి కిటికీలో పెట్టాను. అప్పుడే గూడ్సు బండి ఒకటి వచ్చింది. సీసాలన్నీ వణికాయి. ఖాళీ కుర్చీ వెనక, గోడ మీద, చెరువులన్నీ కదిలాయి.