తిప్పి చూడని హ్యాండిల్

ఏడేళ్లుగా ఒక చిన్న మాట నా గుండెలో రాయిలా ఉండిపోయింది. "చూసిన" అన్నాను. అంతే. నిజానికి నేను చూడలేదు.

ఇది మా ఆయనకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. పాప ఇప్పుడే పడుకుంది. ఎనిమిది నెలల పిల్ల. దాన్ని పడుకోబెట్టాక ఉయ్యాల ముడి లాగి చూస్తాను. కాసేపటికి లేచి మళ్లీ లాగుతాను. స్టవ్వు ఆరిందో లేదో, గొళ్లెం పడిందో లేదో చూస్తాను. "ఎన్నిమాట్ల జూస్తవే, ముడేమన్న లేసి ఉరుకుతదా?" అని మా అత్తమ్మ నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. ఒక్కసారి చూడవలసిన చోట చూడలేదని ఆమెకెలా చెప్పను?

మా బాపు మెదక్‌లో బడిపంతులు. యుద్ధకాలం నాటి మోటార్ సైకిలొకటి ఎక్కడో వేలంలో కొని, ఎడ్లబండి మీద ఇంటికి తెచ్చాడు. సగం తుప్పు. దాన్ని బాగుచేయడానికి మహబూబ్ మామ వచ్చాడు. మా వీధి చివరే ఆయన దుకాణం. చుట్టరికం లేకపోయినా పుట్టినప్పటి నుంచి నాకు మామే. మా వాకిట్లోనే బండిని ముక్క ముక్క విప్పాడు. హైదరాబాదులో బీఎస్సీ చదువుతూ సెలవులకు వచ్చిన నేను, కాగితం పట్టుకుని పక్కన కూర్చున్నాను. ఏ వైరు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో, ఏ తీగ దేని కింద నుంచి వస్తోందో బొమ్మ గీసి, పక్కన రాశాను. ఎంత గర్వంగా ఉండేదో! మామకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు రాదు. నా కాగితం ఆయనకు నేనే చదివి వినిపించాలి.

సామాన్లు దొరక్క మూడు నెలలు గడిచాయి. మళ్లీ సెలవులకు నేను వచ్చాకే బండి బిగించడం మొదలైంది. ఆ రోజు శుక్రవారం.

"బిడ్డా, జర సదివి చెప్పు. రేసు తీగ హ్యాండిల్ మెడకు ఏ దిక్కుకెళ్లి పోవాలె?" అన్నాడు. రేసు తీగంటే కుడిచేతి పిడి తిప్పితే ఇంజన్ వేగం పెంచేది.

"ఎడమ దిక్కు మామా."

ఆయన తీగ పట్టుకుని ఆగాడు. "ఎడమనా? పిడేమో కుడికుండె. గిదేం ఉల్టా బండిరా భాయ్!"

"నేనే రాసిన మామా. కాలేజీల సదివేది ఉత్తగనేనా?"

పెద్దగా నవ్వాడు. "అరె, కాలేజీ మేడం చెప్పినంక మహబూబ్‌గాడు ఎంత! ఎడమకే గుంజుదాం."

నేను బొమ్మ బండికి ఎదురుగా కూర్చుని గీశాను. నాకు ఎడమన కనిపించింది ఎడమ అని రాశాను. బండికి కుడి ఎడమలు దాని మీద కూర్చున్న మనిషివి. అది ఏ మెకానిక్కునడిగినా చెబుతాడు. నేను అడగలేదు. అయినా ఇది నా నేరం కాదు. తెలియక చేసిన తప్పు. ఇంతవరకు నన్ను నేను క్షమించుకోగలను. తర్వాతిదే క్షమించుకోలేను.

నమాజు వేళైంది. మామ చేతులు కడుక్కుంటూ అన్నాడు. "సారు బండి స్టార్ట్ చేస్తడు. నువ్వు హ్యాండిలు ఈ దిక్కు ఆఖరుదాక, ఆ దిక్కు ఆఖరుదాక తిప్పి చూడు. మోత పెరగొద్దు. పెరిగితే తీగ గుంజుతున్నట్టు. నేనొచ్చేదాక సారును పోనియ్యకు."

బాపు స్టార్ట్ చేశాడు. ఆ మోతకు వీధంతా గేటు దగ్గరికి వచ్చింది. నేను హ్యాండిల్ మీద చెయ్యి వేయబోయాను. గుంపులోంచి ఎవరో "సారు బిడ్డ మిస్త్రీ అయింది! ఇగ పెండ్లికొడుకును ఎన్క కూసోబెట్టుకుని పోతది!" అన్నారు. అందరూ నవ్వారు. నా చేతులకు గ్రీసు. ఓణీ మీద మరక. ఒళ్లంతా సిగ్గుతో మండిపోయి లోపలికి వెళ్లిపోయాను. మామ నాకు అప్పజెప్పిన పని సంగతి తెలియని బాపు ఇంజన్ ఆపేశాడు.

మామ తిరిగి వచ్చాడు. గడపలో నిలబడి అడిగాడు. "తిప్పి చూసినవా బిడ్డా?"

"చూసిన మామా."

ఎందుకలా అన్నాను? చూడలేదంటే, ఎందుకు చూడలేదో చెప్పాలి. ఆ సిగ్గు మళ్లీ పడాలి. అంత చిన్న కారణం. ఆయన నా మాట నమ్మి తల ఊపాడు, బాపును పొమ్మన్నాడు.

పాపన్నపేట దారిలో కాలువ గట్టు మీద బాపు బండిని వెనక్కి మళ్లించుకుంటూ హ్యాండిల్ పూర్తిగా కుడికి తిప్పాడు. తీగ బిగిసింది. ఇంజన్ ఒక్కసారిగా ఎగదన్నింది. బండితో సహా కాలువలో పడ్డాడు. కుడికాలు బండి కింద నలిగింది. ఇప్పటికీ ఆ కాలు ఈడుస్తూనే బడికి వెళ్తాడు.

బండిని తెచ్చి వాకిట్లో పడేశారు. అందరూ దవాఖానకు వెళ్లాక నేనొక్కదాన్నే హ్యాండిల్ కుడికి తిప్పాను. తీగ మెడకు చుట్టుకుని బిర్రబిగిసింది. అంతే. చూడడానికి పట్టిన సమయం అంతే. కాగితం తీసుకుని నీళ్లపొయ్యిలో వేశాను.

మర్నాడు మామ దవాఖానకు వచ్చాడు. రాకముందు మా ఇంటికి వెళ్లి, బండి దగ్గర చాలాసేపు గొంతుక్కూర్చుని పోయాడని తర్వాత అమ్మ చెప్పింది. బాపు ఆయన మీద అరిచాడు. మామ టోపీ సవరించుకుని, "కట్టిన చెయ్యి నాదే సారూ" అన్నాడు. నా పేరెత్తలేదు. నా వైపు చూడలేదు. నేను బాపు తలగడ సర్దుతూ ఉన్నాను. ఒక తలగడను ఎంతసేపు సర్దవచ్చో ఆ రోజు తెలిసింది.

పంతులు కాలు విరగ్గొట్టిన మిస్త్రీ అని ఊళ్లో పేరు పడింది. ఆయన దగ్గరికి బండ్లు రావడం మానేశాయి. ఏడాది తిరక్కుండా దుకాణం మూసి తూప్రాన్‌కు వెళ్లిపోయాడు. రోడ్డు పక్కన లారీలకు పంక్చర్లు వేస్తున్నాడని విన్నాను. ఇంజన్ మోత విని రోగం చెప్పగలిగిన మనిషి.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? పోయిన నెల మా ఆయన ఆఫీసులో జీపులకు మెకానిక్కు కావలసి వచ్చింది. అర్జీ పెట్టుకున్నవాళ్లలో మహబూబ్ మామ పేరుంది. ఆదివారం భోజనాల దగ్గర మా ఆయన బాపును అడిగాడు. "మామయ్యా, మీ దిక్కు మహబూబ్ అని మిస్త్రీ ఉండెనట. ఎసొంటోడు?"

బాపు కాలు చాపి చూపించాడు. "గీ కాలునడుగు, చెప్తది."

మా ఆయన నవ్వాడు. నేను చారు వడ్డిస్తున్నాను. నోరు తెరిస్తే చాలు. తెరిచాను కూడా. "ఇంకొంచెం పోయనా?" అన్నాను. ఉద్యోగం ఇంకొకరికి వెళ్లింది.

అప్పుడు పంతొమ్మిదేళ్ల పిల్లను, భయపడ్డాను అనుకోవచ్చు. పోయిన నెల నేను పిల్లను కాదు. పైగా ఒక పిల్లకు తల్లిని. నా భయం కూడా తెలుసు నాకు. నిజం చెబితే, మా ఆయన రోజూ పాపను నా చేతికిచ్చి ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఒక్క క్షణం ఆగి చూస్తాడేమోనని. ఆ ఒక్క క్షణం తప్పించుకోవడానికి ఒక మనిషి బతుకును రెండోసారి తోసేశాను.

తీగ తప్పు దారిలో పోయిందని మామ ఆ రోజు బండి దగ్గర కూర్చున్నప్పుడే చూసి ఉంటాడు. హ్యాండిల్ ఒక్కసారి తిప్పినా నాకు తెలిసి ఉండేదని కూడా ఆయనకు తెలిసి ఉండాలి. తెలిసే ఊరుకున్నాడా? పెళ్లి కావలసిన పిల్ల అనుకున్నాడా? లేక నిజంగానే తన చెయ్యే తప్పిందనుకుని ఇన్నాళ్లూ ఆ చేతిని అనుమానిస్తూ బతుకుతున్నాడా? ఈ రెండింటిలో ఏది నాకు తక్కువ నరకమో ఎంత ఆలోచించినా తేలదు.

మీరు నన్ను క్షమించనక్కరలేదు. అది మీ చేతిలో లేదు. కానీ రాశాను. నా చేత్తో, కుడిని కుడి అని, ఎడమను ఎడమ అని రాశాను. ఊపిరి కొంచెం లోతుగా ఆడుతోంది. ఇన్నాళ్లూ ఈ సంగతి తెలిసింది నాకొక్కదానికే. ఇప్పుడు మీరు రెండోవారు. కాదు, మూడోవారేమో.