అడ్రస్ రాసిన లేబుల్

నాకు అసూయ పుట్టింది ఒక చిన్న అడ్డగీత మీద.

బెంగళూరు కుందలహళ్ళి ఆఫీసులో నా పక్క సీటు ఒక హిందూపురం అమ్మాయిది. చేరి ఏడాది కూడా కాలేదు. మా ప్రోగ్రాములన్నీ కంటైనర్లనే మూటల్లో నడుస్తాయి. ప్రతి మూటకీ ఒక నెట్‌వర్క్ అడ్రస్, గుర్తుకి కొన్ని లేబుళ్ళు ఉంటాయి. ఏ మూట ఏ అడ్రస్‌లో ఉందో వెతకడం రోజూ తలనొప్పే. ఈ అమ్మాయి ఆ అడ్రస్‌నే లేబుల్‌గా అతికించింది. కొత్తరకం అడ్రసుల్లో కోలన్లుంటాయి, లేబుల్ వాటిని ఒప్పుకోదు. నేను రెండు రోజులు కుస్తీ పట్టి వదిలేసిన చోట, ఆమె కోలన్ తీసేసి అడ్డగీత పెట్టింది. అంతే. మేనేజరు అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. టీమ్ లీడ్ పోస్టు ఖాళీ అయిన నెల అది. ఆరేళ్ళుగా దానికోసం కాచుకున్నదాన్ని, కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను.

అమల్లోకి పోయేముందు ఆమె కోడు రివ్యూకి నా దగ్గరికే వచ్చింది. కాసేపట్లోనే తప్పు దొరికింది. సర్వర్ ఆగి మళ్ళీ లేస్తే మూట పేరూ లేబులూ పాతవే ఉంటాయి, అడ్రస్ మాత్రం మారిపోవచ్చు. నగర్తపేటలో మా నాయన బట్టల హోల్‌సేల్ కొట్లో చిన్నప్పుడే ఇది నేర్చుకున్నాను. బేలుకి, అంటే బట్టల మూటకి, కట్టే చీటీ మీద నేను అది ఏ అరలో ఉందో ఆ నెంబరు రాస్తే ఆయన చింపేశాడు.

"లోపల ఏముండాదో రాయి మా. యాడుండాదో రాస్తే, రేపు బేలు జరిపినాక చీటీ అబద్ధం చెప్తాది."

ఆ ఒక్క మాట ఆమెతో అంటే సరిపోయేది. అనలేదు. పడనీ, తెలిసొస్తుంది అనుకుని 'ఓకే' నొక్కాను.

పది రోజులకు, మధ్యాహ్నం భోజనాల వేళ, సర్వర్ రీస్టార్ట్ అయింది. పాత లేబుళ్ళను నమ్మిన రిక్వెస్టులన్నీ వేరే మూటలకు పోయాయి. సాయంత్రం దాకా కస్టమర్ల తిట్లే.

మీటింగులో మేనేజరు నావైపు తిరిగి, "రివ్యూ చేసింది మీరే కదా?" అన్నాడు. ఆ అమ్మాయే లేచి నిలబడింది.

"తప్పు నాదే సార్, అక్కను అనొద్దండి. అక్క కంటికే పడలేదంటే ఇంక ఎవురి కంటికీ పడదు."

లీడ్ పోస్టు నాకే వచ్చింది. అందరికన్నా ముందు మైసూర్‌పాకు డబ్బా పట్టుకొచ్చింది ఆమే.

"ఇంకమీద నా కోడంతా నువ్వే చూడాలక్కా" అంది.

అంత నమ్మకం నాకు ఎవరి మీదా ఎప్పుడూ లేదు. ఆ నమ్మకం మీదా కుళ్ళుకున్నాను. సరేనని తలూపి, ఆమె ఇచ్చిన ముక్క నోట్లో వేసుకున్నాను.