బొగ్గు రుచి చూసిన కేకు

ఆ బేకరీలో కేకులు చేసే మాస్టర్‌ని వీధంతా కోతల మాస్టర్ అనేది. తన కేకు వాసనకి ఓ చచ్చినవాడు లేచి కూర్చుని ముక్క అడిగాడని, ముక్క చిన్నదైందని అలిగి మళ్లీ పడుకున్నాడని చెప్పేవాడు. నమ్మినవాళ్లు లేరు, వినకుండా వెళ్లినవాళ్లూ లేరు.

ఆయన కోతల్లో ఒక్కటి మాత్రం నిజం. పొయ్యి దిగిన ప్రతి కేకు అంచూ ముందు పెరటి గుమ్మంలో కూర్చున్న బొగ్గు నోట్లో పడాలి. బొగ్గంటే ఆయన అక్క పెంచుకునే నల్లకుక్క. అది తోక ఊపాకే కేకు అద్దాల బీరువా ఎక్కేది.

"కుక్కకి తీపి పెట్టకురా," అని మొత్తుకునేది అక్క. ఆమెకి చూపు పోయింది. బొగ్గు మెడపట్టీ పట్టుకుంటే తప్ప వీధి దాటలేదు.

"చాక్లెట్ విషమని నాకు తెలీదేంటే? అది ముట్టనివ్వను. నా చేత్తో తిన్న కుక్కకి తుమ్ము కూడా రాదు."

ఇంతలో బేకరీ యజమాని మధుమేహం ఉన్నవాళ్ల కోసం జైలిటాల్ అనే తీపి పొడి తెప్పించాడు. చూడ్డానికి అచ్చం చక్కెరే. మాస్టర్ మురిసిపోయాడు. చక్కెరే లేని కేకుకి అక్క ఏం వంక పెడుతుంది? ఆ పూట అంచుతో సరిపెట్టకుండా బొగ్గుకి అరచేయంత ముక్క పెట్టాడు.

రెండో ట్రే దించేలోపు బొగ్గు కక్కుకుంది. లేవబోయి తూలి పడింది. "నా కేకు మత్తు అట్లాంటిది మరి," అని కౌంటర్ దగ్గరివాళ్లని నవ్వించాడు మాస్టర్. దాని కాళ్లు కొట్టుకోవడం మొదలయ్యాక గానీ భుజాన వేసుకుని పరుగెత్తలేదు. కబురందిన అక్క గోడలు తడుముకుంటూ వెనకే వచ్చింది.

పశువుల డాక్టరమ్మ రక్తం పరీక్షించింది. "రక్తంలో చక్కెర బాగా పడిపోయింది. ఏం తిన్నదిది?"

మాస్టర్ అక్క వంక చూశాడు. "ఏమీ ముట్టలేదమ్మా."

"చక్కెర బదులు వేరే తీపి వేసిన బిస్కెట్లూ, కేకులూ? అట్లాంటివైతే చెప్పండి. లివర్ పాడవుతుంది, ఇక్కడే ఉంచుకుని చూడాలి."

"నేనుండగా అలాంటివెలా తింటుందమ్మా?"

గ్లూకోజ్ ఎక్కాక బొగ్గు లేచి నిలబడింది. దాని నోట్లో తన ఊపిరి ఊది బతికించానని దారి పొడుగునా చెప్పుకుంటూ ఇంటికి తీసుకొచ్చాడు మాస్టర్.

మర్నాటికి దాని కళ్లు పచ్చబడ్డాయి, చిగుళ్ల వెంట రక్తం. మళ్లీ మోసుకెళ్తే డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "చక్కెర బదులు వేసే తీపేదో తిన్నట్టే ఉంది. కుక్కలకి అది విషం. నిన్న చెప్పి ఉంటే ఇక్కడే ఉంచుకుని చూసేదాన్ని," అంది. అక్క ఒళ్లోనే పోయింది బొగ్గు.

ఖాళీ మెడపట్టీ చేతికి చుట్టుకుని, అక్క ఒక్కతే గోడలు పట్టుకుంటూ బేకరీకి వచ్చింది. కౌంటర్ ముందు జనం ఉన్నారు.

"ఆ రోజు దానికేం పెట్టావురా?"

మాస్టర్ పిండి చేతులు తుడుచుకున్నాడు. "కొత్త కేకు పెట్టానే. డాక్టరమ్మ అడిగితే లేదన్నాను. నువ్వు పక్కనున్నావని."

దానికి ఇంకో మాట చేర్చలేదు. జనం మాత్రం అలవాటుకొద్దీ నవ్వారు. "అప్పుడు చచ్చినవాణ్ణి లేపాడు, ఇప్పుడు కుక్కని చంపాడు. కోస్తే అలా కొయ్యాలి కోత," అన్నాడొకడు.

అక్క నవ్వలేదు. గుమ్మం ఎటుందో తెలియక చెయ్యి గాల్లోకి చాపింది. మాస్టర్ గబగబా వెళ్లి భుజం అందించాడు. వేళ్లకి ఆ భుజం తగలగానే చెయ్యి వెనక్కి తీసుకుని, గోడ కోసం తడుముకోసాగింది.