ఫ్యాను మీద సంతకం

ఆవిడ అసలు పేరు ఆ మేడలో ఎవరికీ గుర్తులేదు. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ సీలక్కే.

పార్సిలు ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసింది. ముడి మీద లక్క పోసి సీలు వేయడం, అతుకు మీద చీటీ అంటించడం, ఆ చీటీ మీద సంతకం గీకడం ఆవిడ పని. దారిలో ఎవరు వేలు పెట్టినా చీటీ చిరిగి పట్టిచ్చేసేది. ఉద్యోగమైతే అయిపోయింది గానీ ఆ బుద్ధి రిటైరు కాలేదు. ఇంట్లో చక్కెర డబ్బాకు చీటీ, బీరువాకు చీటీ, చివరికి మందుల సీసాకూ చీటీ. పనిమనిషి మూడో నెలలోనే దండం పెట్టి వెళ్ళిపోయింది. చుట్టాలు ఒక్కొక్కరే రావడం తగ్గించి, తర్వాత పూర్తిగా మానేశారు. ఇంకా ఆ మూడంతస్తుల మెట్లెక్కి వచ్చేది తమ్ముడొక్కడే. కంప్యూటర్లు బాగుచేసే దుకాణం వాడిది. ప్రతి శుక్రవారం వస్తాడు, వెళ్తూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ "శుక్రవారం వస్తానక్కా" అంటాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆవిడ వారమంతా నెట్టుకొస్తుంది. వీడూ రాకపోతే తన గతేమిటో ఆవిడకు తెలియక కాదు. తెలిసినా అనుమానం ఆగదు, అదీ ఆవిడ ఖర్మ.

ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని, సమావేశాల్లో రికార్డు చేసిన మాటలు విని టైపు చేసి పంపుతుంది. చెవి బాగుంటేనే సాగే పని. మొన్న శుక్రవారం తమ్ముడు సీపీయూ పెట్టె విప్పి దుమ్ము దులిపి వెళ్ళాడా, శనివారం పొద్దుటికల్లా లోపలి ఫ్యాను టిర్రుమని మొదలుపెట్టింది. పెట్టె కింద అట్టముక్క పెట్టింది. పైన లావుపాటి నిఘంటువు ఎక్కించింది. అరచేత్తో రెండు దెబ్బలు కూడా వేసింది. అది కాసేపు బుద్ధిగా ఉన్నట్టే ఉండి మళ్ళీ అదే గోల.

దులపకముందు లేని చప్పుడు దులిపాక ఎందుకొచ్చింది? తను టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళిన నాలుగు నిమిషాల్లో ఏం జరిగింది? తిరిగొచ్చేసరికి వాడి సంచీ జిప్పు ఎందుకు వేసి ఉంది? మంచి ఫ్యాను లాగేసి, దుకాణంలో మూలపడ్డ పాతది బిగించి ఉంటాడు. చిన్నప్పుడు తన రేడియో విప్పి, మళ్ళీ బిగించాక రెండు మరలు మిగిల్చిన ఘనుడే కదా!

ఇలాంటిదేదో జరుగుతుందని ఆవిడ ముందే జాగ్రత్తపడింది. ఆ రోజు వాడు మూత తీసి చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే, వెనక ఫ్యాను చట్రం అడుగున, ఎవరి కంటా పడని చోట, సంతకం చేసిన చీటీ ఒకటి అంటించింది. ఫ్యాను మారిందో లేదో ఆ చీటీయే చెబుతుంది.

బుధవారం మధ్యాహ్నం తమ్ముడికి ఫోను చేసింది. పక్కింటి టైలరమ్మను కూడా, ఎందుకో చెప్పకుండా, కూర్చోబెట్టింది.

"ఏంటక్కా, శుక్రవారం దాకా ఆగలేకపోయావా?" తమ్ముడు నవ్వుతూ వచ్చాడు.

"ముందు పెట్టె విప్పు. సంచీ మాత్రం గుమ్మం దగ్గరే ఉండనీ."

వాడి నవ్వు సగంలో ఆగింది. పెట్టెకు చెవి ఆనించి విన్నాడు. కావలసిన పనిముట్లు రెండు తెచ్చుకుని మూత తీశాడు. లోపల తిరుగుతున్న ఫ్యాన్లు రెండు. పెన్సిలు వెనకుండే రబ్బరు ఆనించి ముందుదాన్ని ఒక్క క్షణం ఆపాడు. చప్పుడు పోలేదు. వెనకదాన్ని ఆపాడు. గది నిశ్శబ్దమైపోయింది.

"దొరికింది దొంగ," అన్నాడు.

"దొంగెవరో ఇప్పుడు తేలుతుందిలే," అంది ఆవిడ.

కరెంటు ఆపి, నాలుగు మరలు ఊడదీసి ఫ్యాను బయటికి తీశాడు. ఆవిడ దాన్ని లాక్కుని తిరగేసింది. చట్రం అడుగున చీటీ లేదు.

"నా చీటీ ఏదిరా?"

"ఏం చీటీ?"

"టైలరమ్మా, నువ్వే సాక్ష్యం! పాతది నా నెత్తిన రుద్ది నాది పట్టుకుపోయాడు. సొంత అక్క ఇంట్లోనా నీ చేతివాటం?"

టైలరమ్మ ఎటు చూడాలో తెలియక కిటికీ వైపు చూసింది. తమ్ముడు ఆవిడ చేతిలోంచి ఫ్యాను తీసుకుని రెక్కను వేలితో మెల్లగా తిప్పాడు. రెక్కల వెనక ఏదో తెల్లగా మెదిలింది. పట్టకారుతో పట్టుకుని లాగాడు. దుమ్ము దులిపే బ్రష్షు తగిలి అడుగు నుంచి ఊడి, ఒక్క కొసతో చట్రం లోపలి అంచుకు వేలాడుతున్న చీటీ. రెక్కలు కొట్టీ కొట్టీ అంచులు పీచులైనా, సంతకం మాత్రం చెక్కుచెదరలేదు.

"ఇదెప్పుడు అంటించావక్కా?"

ఎంత అనుమానం మనిషైనా ఆవిడకు అబద్ధం చేతకాదు. "నువ్వు చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు."

"ఎందుకు?"

టైలరమ్మ కుట్టు సగంలో వదిలేసి వచ్చానంటూ జారుకుంది.

తమ్ముడు అంచున మిగిలిన జిగురు తుడిచి, ఫ్యాను బిగించి, కరెంటు వేశాడు. ఇప్పుడు తిరుగుతోందో లేదో చూస్తే తప్ప తెలియదు. చీటీని ఆవిడ ముందు పెట్టాడు. తర్వాత గుమ్మం దగ్గరి సంచీ తెచ్చి బల్ల మీద బోర్లించాడు. మరలు విప్పేవి నాలుగు, బ్రష్షు, వైర్ల చుట్ట, కళ్ళజోడు పెట్టె, సగం తిన్న బిస్కెట్ల పొట్లం. సంచీ లోపలి భాగం కూడా తిరగేసి చూపించాడు.

"చూసుకో అక్కా. లేకపోతే తర్వాత నీకు మనశ్శాంతి ఉండదు." వాడి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని ఆవిడకు అనిపించింది.

సిగ్గుతో ఆవిడ చెవులు వేడెక్కాయి. "ఏం అక్కర్లేదురా, తీసుకో," అందామనుకుంది. ఆ మాట నోట్లోకి వచ్చేలోపే కళ్ళు బల్ల మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒక్కొక్క వస్తువునే చూసుకుంటూ వెళ్ళాయి. కళ్ళజోడు పెట్టె దగ్గర కాస్త ఆగాయి కూడా.

తమ్ముడు అది చూశాడు. కళ్ళజోడు పెట్టె మూత తీసి చూపించి, అన్నీ సర్దుకుని, గుమ్మంలో చెప్పులు వేసుకున్నాడు.

"వెళ్తానక్కా," అన్నాడు.

శుక్రవారం మాట ఎత్తలేదు.