తెల్లపందికి కాపడం

తొంభైల చివర్లో పత్తి వరసగా దెబ్బతీశాక మా ఆయన పందుల షెడ్డు వేశారు. నందిగామ దాటి జగ్గయ్యపేట వెళ్లే రోడ్డు పక్కన మా చేను, చేలోనే ఇల్లు, ఇంటి వెనక షెడ్డు. వ్యవసాయం తప్ప మరో పని ఎరగని కుటుంబం మాది. చుట్టాలు మా ఇంట్లో మంచినీళ్లు తాగడానికి కూడా వెనకాడారు. మా అత్తగారు కొడుకుతో మాటలు తగ్గించేశారు. షెడ్డు వైపు తొంగిచూసేవారు కాదు. అక్కడి నుంచి వచ్చిన మనిషి స్నానం చేస్తేగాని గడప దాటనిచ్చేవారు కాదు.

నాకు మాత్రం మెల్లమెల్లగా ఆ తెల్లపందుల మీద ఇష్టం కలిగింది. ఈనిన తల్లి పక్కకి ఒరిగి, గొంతులోంచి సన్నగా పిలుస్తుంటే పిల్లలన్నీ పరుగెత్తుకొచ్చి చన్నులందుకునేవి. ఏ పిల్ల చన్ను దానిదే. పొరపాటున ఒకదాని చోట్లోకి ఇంకొకటి దూరితే యుద్ధమే.

ఒక వానాకాలం ముసురు పట్టి షెడ్డులో నేల ఆరలేదు. కొత్తగా ఈనిన పంది ఆ పొద్దున తవుడు ముట్టలేదు. పిల్లలు దగ్గరికి రాగానే పొట్ట నేలకి ఆనించి బోర్లా పడుకుంది. అవి చుట్టూ తిరుగుతూ ఒకటే ఏడుపు. చెయ్యి వేసి చూస్తే వెనక చన్నులు ఎర్రగా కంది, రాయిలా గట్టిపడి, కాలిపోతున్నాయి. మా ఆయన షెడ్డుకి సున్నం తేవడానికి జగ్గయ్యపేట వెళ్లారు. రోడ్డు మీది బూత్ నుంచి పశువుల డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆయన వానలోనే స్కూటర్ మీద వచ్చారు.

"పొదుగు వాపమ్మా. నేలేమో తడి, దానికితోడు పిల్లల కోరపళ్లు గీరుకున్నాయ్. ఇంజెక్షన్ చేశా. వేడినీళ్ల కాపడం పెట్టి, చెడ్డపాలు పిండెయ్యండి. ఈలోపు పిల్లలకి ఆవుపాలు పట్టండి" అని చెప్పి వెళ్లారు.

వేడిగుడ్డ తగలగానే పంది నోరు తెరిచి నా మీదకి వచ్చింది. మళ్లీ ప్రయత్నించాను, మళ్లీ అంతే. ఏం చేయాలో తోచక షెడ్డు గట్టు మీద కూలబడి ఏడ్చాను.

"అట్టా గాభరాగా ముట్టుకుంటే ఏ తల్లి ఊరుకుంటదే?"

తల తిప్పితే అత్తగారు. చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు.

"మీరెందుకొచ్చారత్తయ్యా ఇక్కడికి?"

"పొద్దుట్నుంచి ఆ పసివాటి ఏడుపు వినలేక చస్తన్నా. ఆ గుడ్డ ఇటియ్యి."

ముక్కు మీది చెంగు తీసి నడుముకి దోపుకున్నారు. ముందు దాని చెవి వెనక గోకారు, వీపు నిమిరారు. అది కాస్త మెత్తబడ్డాక గుడ్డ పిండి పొదుగుకి ఆనించారు. చాలాసేపటికి పంది నిట్టూర్చి పక్కకి ఒరిగింది. చన్ను మొదలు నుంచి కొసకి మెల్లగా నొక్కుతుంటే పచ్చటి విరుగునీళ్లు వచ్చాయి.

"ఎంత సలుపుతుందో నాకు తెలుసే" అన్నారు. నాతో అంటున్నారనుకున్నాను, పందితో అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "నీ మొగుడు పుట్టినప్పుడు నాకూ రొమ్ముకి గడ్డ లేచింది. వాణ్ని దగ్గరికి తీసుకుంటే ప్రాణం పోయేది. వాడు ఆకలికేడవటం, నేను వాణ్ని చూసి ఏడవటం. ఎవరితో చెప్పుకోను?" అన్నారు.

మా ఆయన సున్నం బస్తాలతో తిరిగొచ్చేసరికి వాళ్లమ్మ ఒళ్లో పందిపిల్ల సీసాతో ఆవుపాలు తాగుతోంది. ఆయన అక్కడే నిలబడిపోయారు.

"ఏందిరా చూస్తన్నావ్? ముందా నేల ఆరబెట్టు" అన్నారావిడ.

కొన్నాళ్లకి జ్వరం తగ్గి, పంది మేత ముట్టింది. వెనక చన్నులు మాత్రం ఎండిపోయాయి. బక్కపిల్లలు ఒకటి రెండు దక్కలేదు, మిగతావి నిలదొక్కుకున్నాయి.

ఆ తర్వాత ఏ పంది ఈనినా పొడి గడ్డి పరిపించి, రోజూ పొదుగు తడిమి చూసే పని ఆవిడే తీసుకున్నారు. సాయంత్రాలు మేమిద్దరం షెడ్డు గట్టు మీద కూర్చునేవాళ్లం. పుట్టింటి సంగతులు, కాపురానికొచ్చిన కొత్తలో పడ్డ బెంగ, ఇంట్లో ఎప్పుడూ ఎత్తని కబుర్లన్నీ అక్కడ చెప్పేవారు. రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకి షెడ్డు తీసేశాం. ఆవిడా లేరు. ఎన్ని పెళ్లిళ్లు, పేరంటాలు కలిసి చేశామో గాని, ఆవిడని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ సాయంత్రాలే.