తుడిచిందా, కడిగిందా

మా వదిన ఆ పొద్దు ముందటి అర్రను కడిగిందా, తుడిచిందా అన్న మాట మా ఇంట్లో ఏండ్ల తరబడి తెగలేదు. బయటివాళ్లకు రెండూ ఒకటే అనిపించవచ్చు. మాకు కాదు. ఊరికి బయలుదేరిన మనిషి వెనక ఇల్లు ఊడవకూడదు, కడగకూడదు. అతడు క్షేమంగా చేరి ఉంటాడనుకునేదాకా పొరక ముట్టకూడదు. మనిషి గడప దాటగానే నీళ్లు పోసి కడిగేది ఒక్క శవం లేచినప్పుడే. మా వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. వదినకూ తెలుసు.

అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. మాది గద్వాలలో నేతపని ఇల్లు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. మగ్గం మీద అన్న, నూలు కండెలు చుడుతూ అమ్మ, నేను. అన్న పెళ్లయ్యాక వదిన నాలుగో మనిషి. ఆమెది రాయచూరు పక్క పల్లె. నాకంటె రెండేండ్లు పెద్ద.

మగ్గం అర్రలోనూ వంటింట్లోనూ మట్టి నేల. తెల్లవారి మెత్తటి పొరకతో ఊడ్చి, పెండలో నీళ్లు కలిపి, లోపలి గోడ దగ్గర మొదలుపెట్టి గడప వైపు వెనక్కి జరుగుతూ అలికేవాళ్లం. ముందుకు జరిగితే అలికిన చోట మన కాళ్లే పడతాయి. మగ్గం గుంట అంచుల దగ్గర అలుకు పలచగా ఉండాలి. ఎండకాలంలో మధ్యాహ్నం ఇంకోసారి నీళ్లు చిలకరించాలి. నేల పొడిబారితే గాలి పొడిబారుతుంది, నూలు పోగులు పుటుక్కుపుటుక్కున తెగుతాయి. అమ్మ అలికిన నేల మీద వేళ్ల గీతలు అన్నీ ఒక వైపుకే వంగి ఉండేవి.

ముందటి అర్రలో మాత్రం షాబాదు బండలు. నాలుగు చీరలకు మంచి బేరం దొరికిన ఏడు అన్న ముచ్చటపడి పరిపించాడు. అమ్మ వాటినీ పెండతోనే అలికేది. ఎండిన అలుకు పెచ్చులుగా లేచి పట్టు చిలపలకు, అంటే పోగుల చుట్టలకు, అంటుకునేది. వదిన వచ్చిన వారానికే ఈత పొరక తీసుకుని, బకెట్టు నీళ్లు పోసి, బండలను రుద్ది, నీళ్లను మూలనున్న తూములోకి తోసి, పాత చీర ముక్కను నాలుగు మడతలు పెట్టి పొడిగా తుడిచింది. బండ నల్లగా మెరిసింది.

"పెండ ముట్టని ఇల్లు ఇల్లేనానే?" అన్నది అమ్మ.

"బండకు పెండ ఎందుకత్తా? మా పక్క నీళ్లతోనే కడుగుతరు."

పక్కిల్లు దర్జీవాళ్లది. వాళ్ల ముసలామెను వీధంతా నానీ అని పిలిచేది. ఆమె గోడ మీదినుంచి తల పెట్టి, "జర చూడుండ్రి, గా బండ ఇన్నొద్దులకు ముఖం కడుక్కుంది" అన్నది. అమ్మకు కోపం, నవ్వు రెండూ వచ్చాయి. చివరికి అన్న తీర్పు చెప్పాడు. మట్టి అమ్మది, బండ వదినది. ఒకరి నేల మాట ఇంకొకరు ఎత్తవద్దు. ఆ ఒప్పందం బాగానే నడిచింది.

నూలు దొరకడం కష్టమయ్యేసరికి మగ్గం నిలిచిపోయింది. మా వీధివాళ్లు చాలామంది షోలాపూరు మిల్లులకు పోయారు. అన్న కూడా పోవాలనుకున్నాడు. రాయచూరు దాకా ఎడ్లబండి, అక్కడినుంచి రైలు.

అన్న బయలుదేరిన పొద్దు గంజి కాచే వంతు మాది. వీధిలో ఎవరి పడుగుకైనా, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులకు, గంజి పట్టించాలంటే పొద్దు ఎక్కకముందే వీధి పొడవునా చాపుతారు. ఒక్కో ఇంటివాళ్లు ఒక్కోసారి గంజి కాచి ఇవ్వాలి. గంజి కుండ ముందటి అర్రలో గడప పక్కన చల్లారుతోంది. అన్న మూట భుజానికి వేసుకుని గడప దిగాడు. వదిన నిండు బిందెతో ఎదురు వచ్చింది. అమ్మ విధవ కనుక ఎదురు రాకూడదు. మగ్గం అర్రలో తలుపు వెనక నిలబడి ఉంది. అన్న నాలుగిండ్లు దాటాడనుకున్నాక, వీపైనా చూడాలని ఒక్క పరుగున వచ్చింది. ఆమె కాలు తగిలి కుండ ఒరిగింది.

గంజి బండల మీద తెల్లగా పరుచుకుంది.

"కాలు కాలిందా అత్తా?" అంటూ వదిన బిందె దించింది.

"కాలు పోనియ్యి. వాడు మూల గూడ మలగలే, గిదేం శకునమే!"

"శకునం గాదు, గంజి. నేను తీస్త."

"తుడువు. కడుగకు. నీళ్లు ముట్టకు."

అమ్మ కుండలో మిగిలిన గంజి పట్టుకుని వీధిలోకి పోయింది. అవతల పడుగు చాపి మనుషులు ఎదురుచూస్తున్నారు. ఇంట్లో వదిన, నేను మిగిలాం. పొరక ముట్టకూడదు కనుక వదిన కొబ్బరిచిప్పతో గంజిని ఎత్తింది. వంటింట్లోనుంచి తవుడు తెచ్చి చల్లి, అది పీల్చుకున్నాక చేత్తోనే ఉండలుగా తీసింది. పొడిగుడ్డతో తుడిచింది. అయినా బండల సందుల్లో గంజి ఉండిపోయింది. పైన పలచని జిగురు మెరుస్తూనే ఉంది. అమ్మకు మోకాలి నొప్పి, ఆ జిగురు మీద కాలు జారితే లేవలేదు. మూలన, కూలికి చుట్టమని ఇచ్చిన ఇంకొకరి పట్టు చిలపలు ఉన్నాయి. గంజి వాసనకు చీమలు, వాటి వెనక ఎలుకలు వస్తాయి.

వదిన కాసేపు బండల వంకే చూస్తూ కూర్చుంది. "తడిగుడ్డ పెడితే కడిగినట్టా, పిల్లా?" అని నన్నడిగింది.

"తుడిచినట్టే" అన్నాను. ఇప్పుడు అడిగినా అదే చెబుతాను.

గుడ్డ ముంచి, పిండి, తుడిచింది. మళ్లీ ముంచింది. సందుల్లోని గంజి కరిగి, గుడ్డ వదిలిన నీళ్లతో కలిసి, వాలు వైపు సన్నగా పారింది. ఆ అర్ర వాలు తూముకే. తూము తెరుచుకునేది వీధిలోకే.

వీధిలో పడుగుకు అటూ ఇటూ నిలబడిన ఆడవాళ్లందరూ మా గోడలోనుంచి వస్తున్న తెల్లనీళ్లను చూశారు.

"ఏందమ్మా, కొడుకు గిప్పుడే పాయె, మీ ఇంట్ల అప్పుడే కడుగుడేంది?" అని ఎదురింటామె అడిగింది.

అమ్మ లోపలికి వచ్చింది. "కడిగినవా?"

"తుడిచిన అత్తా. తడిగుడ్డ పెట్టిన, గంతే."

"మరి తూముల నీళ్లేంది?"

"గుడ్డ నీళ్లు."

నానీ వీధిలోనుంచే అందుకుంది: "గుడ్డ తడిస్తే ఇల్లు కడిగినట్టా? అయితె నేను పొద్దుగాల కండ్లు తుడ్సుకున్న, తానం అయిపాయె, ఇంక నీళ్లు కాగబెట్టకుండ్రి!" పడుగు పట్టుకున్నవాళ్లు నవ్వారు. అమ్మ నవ్వకుండానే పడుగు దగ్గరికి తిరిగి పోయింది. నాలుగో రోజు బండివాడు తిరిగి వచ్చి, అన్న రైలెక్కడం కళ్లతో చూశానన్నాడు. తరువాత షోలాపూరునుంచి కార్డు వచ్చింది. చేరానని, మిల్లులో కుదిరానని, తిండి మాత్రం బాగాలేదని. అమ్మ ఆ కార్డును నాతో చాలాసార్లు చదివించుకుంది. అప్పటితో ఆ తూము నీళ్ల మాట అందరం మరిచిపోయాం.

ఆ ఏడే నాకు రోజూ రెండు ముక్కలు రాసిపెట్టుకునే అలవాటు మొదలైంది. ఆనాటి పుటలో "అన్న షోలాపూరు పోయిండు. గంజి ఒలికింది. ఎండ ఎక్కువ" అని మాత్రమే ఉంది. మిగతాదంతా జ్ఞాపకం మీదే రాస్తున్నాను.

వానకాలం వెనకపట్టున, మా వీధి మనిషే ఒకడు షోలాపూరునుంచి వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. అప్పుడే మాకు అర్థమైంది. అన్నకు జ్వరమట. దవాఖానలో వారం ఉన్నాడట. అక్కడి మనవాళ్లే అన్నీ చేశారట.

వదిన నేల మీద కూలబడింది. అమ్మ ఏడవలేదు. చాలాసేపటికి నా వైపు తిరిగి, "ఇల్లు కడగాలె. నువ్వు కడుగు. ఆమెను ముట్టనియ్యకు" అన్నది. ఇంటినిండా జనం. అందరూ వింటుండగా ఇంకో మాట అన్నది: "ఆమె ఆ పొద్దే కడిగింది."

ఎవరూ కాదనలేదు. నానీ మాత్రం, "దేవుడు గుడ్డలు చూసి ప్రాణం తీస్తడా, చెల్లె?" అన్నది. ఆ మాట ఎవరూ చెవిన పెట్టలేదు. నేను కడిగాను. నీళ్లు అదే తూములోనుంచి పోయాయి.

ఆచారాన్ని ఆచారంగానే చూసినా లెక్క కుదరదు. అన్న చేరాడు. పనిచేశాడు. కార్డు రాశాడు. చేరినవాడి విషయంలో ఆ కట్టడి తీరిపోయినట్టే. ఈ సంగతి అమ్మతో అన్నాను. అమ్మ నా ముఖం చూసి, "చదువుకున్నవు గద, నువ్వు గట్లనే అంటవు" అని లేచిపోయింది.

మరునాటినుంచి అమ్మ బండలను మళ్లీ పెండతో అలకడం మొదలుపెట్టింది. వదినకు నేల పని లేదు. పొరక పట్టబోతే అమ్మ వచ్చి చేతిలోనుంచి తీసుకునేది. వదిన గోడకు ఆనుకుని పరాయివాళ్ల నూలు కండెలు చుట్టేది. బావి దగ్గర ఆడవాళ్లు ఆమెకు చోటిచ్చేవాళ్లు, అవసరానికి మించిన చోటు. ఎవరైనా అడిగితే ఒకే మాట చెప్పేది: "తుడిచిన."

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "కుండ అమ్మ కాలు తగిలే గద ఒరిగింది వదినె. గా మాట ఎందుకు చెప్పవు?"

కండె ఆపకుండానే, "చెప్పను. నువ్వు గూడ చెప్పకు" అన్నది.

మరుసటేడు వదిన వాళ్లన్న పుట్టింటినుంచి బండి కట్టుకుని వచ్చాడు. వదిన చిన్న పెట్టె సర్దుకుంది. బండి ఎక్కేముందు మగ్గం అర్ర తలుపు దగ్గరికి పోయి నిలబడింది. అమ్మ లోపల ఉంది. మగ్గం గుంటలో అన్న కాళ్లు ఆడించే చోట కూర్చుని ఉంది.

"అత్తా, పోతున్న. నాకు ఇంకేం వద్దు. నేను కడుగలేదని ఒక్క మాట అను. బయటికొచ్చి అను."

లోపలనుంచి అమ్మ గొంతు వినబడింది: "పొద్దుపోతది. బండి కదిలించుమను."

వదిన పోయింది.

నేను బడిపంతులమ్మనై నాగర్‌కర్నూలు చేరాక అమ్మను నా దగ్గరికి తెచ్చుకున్నాను. గద్వాల ఇల్లు మూతపడింది. అమ్మ మంచం పట్టింది నిజాం రాజ్యం పోయిన మరుసటేడు. ఒక మధ్యాహ్నం ఆమె కాళ్లు ఒత్తుతూ, ఎన్నో ఏండ్లుగా ఆపుకున్నది అడిగాను.

"వదినె కడుగలేదు గదమ్మా?"

"నాకు తెల్వదా? కాలు నాది గాదా?" అన్నది వెంటనే, అడుగుతానని ఎదురుచూస్తున్నట్టు. కాళ్లు దగ్గరికి తీసుకుని, "ఎవర్నన్న అనకుంటె నేనెట్ల బతకాలె బిడ్డా" అన్నది. అటు తిరిగి పడుకుంది. మళ్లీ ఆ మాట రాలేదు. పండుగల ముందే పోయింది.

దినాలు అయ్యాక వదిన ఊరికి పోయాను. అరుగు మీద చాటలో జొన్నలు ఏరుతోంది. జుట్టు నెరవడం మొదలైంది, ఆ వయసుకు నెరవవలసింది కాదు. అమ్మ పోయిన సంగతి ఆమెకు అప్పటికే తెలిసింది. మంచినీళ్లిచ్చి, నేను తాగేదాకా ఆగి, "ఏమన్న అన్నదా?" అని అడిగింది. దేని గురించో ఇద్దరికీ తెలుసు.

"అన్నది వదినె. కాలు నాదే గద అన్నది. నువ్వు కడుగలేదని ఆమెకు తెలుసు."

ఆమె చేతులు ఆగాయి. "ఎవరితోని అన్నది?"

"నాతోని."

"నీతోని అంటె నాకేమొస్తది పిల్లా?" అన్నది మెల్లగా. "వీధిల అన్న మాట వీధిలనే కాదనాలె గద."

అన్నం తిని పొమ్మన్నది. జొన్నరొట్టె, పప్పు పెట్టింది. నేను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని, బడి గురించి, పిల్లల గురించి అడిగింది.

తిరుగు ప్రయాణంలో నాగర్‌కర్నూలు పోకుండా, మరునాడు తెల్లవారుతూనే గద్వాలలో దిగాను. మా వీధిలోకి పోయాను. నానీ పోయి రెండేండ్లయిందని దర్జీ చెప్పాడు. ఎదురింటామె గడపలో కూర్చుని రాట్నం మీద కండె చుడుతోంది. నన్ను గుర్తుపట్టి పీట వేసింది. మొదటినుంచి చెప్పాను. కుండ ఎట్లా ఒరిగిందో, తవుడు, పొడిగుడ్డ, తడిగుడ్డ, తూము, చివరికి అమ్మ నాతో అన్న మాట.

ఆమె శ్రద్ధగానే విన్నది. నొసలు ముడిచి గుర్తుచేసుకోవడానికి చూసింది.

"ఏ గంజి బిడ్డా?" అన్నది. "మీ అన్న జ్వరమొచ్చి గద పోయింది?"

"అవును, జ్వరమే."

"మరి మీ వదినె ఎందుకు పాయె? మంచి పిల్ల, చేతిపని గల్లది. అత్తతోని పడలేదనుకున్నం."

రాట్నం మళ్లీ తిప్పింది. వీధిలో అటునుంచి ఇటు ఎవరిదో పడుగు చాపి ఉంది. నేను దాని కింద వంగి, పోగులు తగలకుండా, బండ్లు ఆగే చోటికి నడిచాను. ఈ మాట వదినకు నేనెప్పుడూ చెప్పలేదు.